ఓహూలో మా క్యాంపస్ కోర్ట్‌యార్డ్‌కి హవాయి మొక్కలు: రెండేళ్ల నా అనుభవం

2023 సెప్టెంబరులో ఈ పని నా నెత్తిన పడింది. నేను ల్యాబ్ మేనేజర్‌ని. తోటల గురించి చదువుకున్నదాన్ని కాదు. ఓహూ దీవిలో ఎండ బాగా కాసే పడమటి వైపు ఉంది మా క్యాంపస్. హవాయి అనగానే పచ్చదనం, జలపాతాలు అనుకుంటాం గానీ, కొండలు వాన మేఘాలను అవతలి వైపే ఆపేస్తాయి. ఇటువైపు కురిసే వాన మన అనంతపురం వానకంటే ఎక్కువేం కాదు. మూడు భవనాల మధ్య నాలుగు వేల చదరపు అడుగుల కోర్ట్‌యార్డ్. నిండా గరిక, ఒక మూల దేవగన్నేరు, గోడ పొడవునా కాగితం పూల చెట్లు. ఆ గరిక పచ్చగా ఉండటానికి తెల్లవారుజామున స్ప్రింక్లర్లు గంటసేపు తిరిగేవి.

నీళ్ల ఖర్చు తగ్గించమని పైవాళ్ల ఒత్తిడి. స్థానిక మొక్కలు పెట్టమని విద్యార్థుల అర్జీ. రెండింటినీ కలిపి ఒక చిన్న గ్రాంటు పెట్టారు. మీటింగులో ఎవరో "తనది వ్యవసాయ కుటుంబం కదా" అన్నారు, అంతే, ఫైలు నా చేతికొచ్చింది. మాది ప్రకాశం జిల్లా. నాన్న ముందు పత్తి వేశారు, తర్వాత సుబాబుల్‌కి మారారు. నాకు తెలిసిన వ్యవసాయం సెలవుల్లో గట్టు మీద కూర్చుని చూసినదే.

అక్టోబరులో విద్యార్థులు తమకు కావలసిన మొక్కల జాబితా ఇచ్చారు. దేవగన్నేరు, ఆంథూరియం, ఎర్ర అల్లం పూలు, ఆర్కిడ్లు. పోస్టర్ల మీద కనిపించే హవాయి అంతా అందులో ఉంది, ఒకటి తప్ప ఏదీ హవాయిది కాదు. దేవగన్నేరును 1860లో బయటినుంచి తెచ్చారు. ఆ మాట చెప్పినప్పుడు ఒక పిల్లవాడి ముఖం చూడాలి. వాళ్ల అమ్మమ్మ ఇంట్లో ఆ చెట్టు కిందే పెరిగాడట. జాబితాలో నిజంగా స్థానికమైనది ఓహియా లెహువా అనే చెట్టు ఒక్కటే. అది ఈ ఎండకు, ఈ నేలకు నిలవదు. పైగా ఓహియా చెట్లను నిలువునా ఎండబెట్టే బూజు తెగులు హవాయి దీవుల్లోకెల్లా పెద్దదైన బిగ్ ఐలాండ్‌లో 2014లో బయటపడింది, 2019లో ఓహూలోనూ కనిపించింది. బిగ్ ఐలాండ్ నుంచి ఆ మొక్కలు తేవడం మీద ఆంక్షలున్నాయి. పిల్లలు నిరాశపడ్డారు. ఏం పెట్టకూడదో తేల్చుకోవడానికే నెల గడిచింది.

మాకు దారి చూపించినామె క్యాంపస్‌లో హవాయి భాష నేర్పే పెద్దావిడ. ఇక్కడ కూడా వయసులో పెద్దవాళ్లను ఆంటీ, అంకుల్ అనే పిలుస్తారు, నాకు అది మొదటిరోజే హాయిగా అనిపించింది. రాష్ట్ర చట్టంలో 103డి-408 అని ఒక సెక్షన్ ఉంది. ప్రజల సొమ్ముతో వేసే తోటల్లో వీలైనంత వరకు హవాయి మొక్కలు, లేదా పూర్వం పాలినీషియన్లు (హవాయివాళ్ల పూర్వీకులు) పడవల్లో తెచ్చిన మొక్కలు పెట్టాలని, వీలైతే ఏ దీవి జాతిని ఆ దీవిలోనే నాటాలని దాని సారాంశం. ఆంటీ అక్కడితో ఆగలేదు. "దీవి సరిపోదు, ఈ మైదానంలో ఏం పెరిగేవో అవి పెడదాం" అంది. మాకు దగ్గర్లోని ఎవా మైదానమంతా పగడపు సున్నపురాయి. దాని మీద పెరిగే పొట్టి పొదల్లో కొన్ని ఇప్పుడు అంతరించిపోయే జాబితాలో ఉన్నాయి.

నవంబరులో ఆమె నన్ను రెండు తోటలకు తీసుకెళ్లింది. హలావా లోయలో హోనలూలూ నీటి సరఫరా సంస్థ నడిపే, తక్కువ నీటితో పెంచే తోట ఒకటి. కోకో క్రేటర్‌లో, ఆరిపోయిన అగ్నిపర్వతం గుంటలోని బొటానికల్ గార్డెన్ ఇంకొకటి. ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్లు కేటలాగ్ తెరిచేముందు ఇలాంటి చోట్లకు, అదీ ఎండ మాడ్చే మధ్యాహ్నం వేళ, తప్పక వెళ్లాలి. పొద్దున పూట అన్ని మొక్కలూ బాగానే ఉంటాయి. మధ్యాహ్నానికి ఏది తలవేలాడేసిందో, ఏది లెక్కచేయలేదో తెలిసిపోతుంది.

అక్కడ నాకు జరిగింది ఎలా చెప్పాలో తెలియదు. పరాయి దేశపు మొక్కలు చూద్దామని వెళ్లాను, అడుగడుగునా మా ఊరి గట్టు మీది చుట్టాలే ఎదురొచ్చారు. మిలో అని బోర్డు ఉన్న చెట్టు మన గంగరావి. హలా మన మొగలికి తోబుట్టువు. అఆలిఇ పొద అచ్చంగా మన కొండల మీది బందారు, రెండు చోట్లా అదే జాతి. ఓహై అవిశకు చుట్టం, కానీ నేలబారుగా పాకుతుంది, ఆకుల మీద వెండి నూగు, ఎర్రటి పూలు. ఎవా హినహినా వినాయక చవితి పత్రిలోని ఉత్తరేణికి బంధువు, ఇది కూడా వెండి రంగే. పోహినహినా ఆకు నలిపితే వావిలి గుర్తొచ్చింది, అదీ దాని బంధువే. విలివిలి మన బాడిదలాగే ముళ్ల చెట్టు. ఇక మఓ, హవాయి పత్తి. పసుపు పూలు, చిన్న కాయలు. ఆ సాయంత్రమే నాన్నకు వీడియో కాల్‌లో చూపించాను.

"పింజ ఎంత పొడవమ్మా?" అన్నారు మొట్టమొదట.

"పొట్టిది నాన్నా, గోధుమరంగు. వడకడానికి పనికిరాదు."

"మరెందుకే అది?"

ఆ పత్తి ఆకుల మీద తేనె గ్రంథులు ఉండవనీ, పురుగును అంతగా పిలవదనీ, ఆ గుణాన్ని మామూలు పత్తి రకాల్లోకి కూడా తీసుకున్నారనీ చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "ఆ గింజలు నాలుగు తేగలవా?" అన్నారు. తేలేను, విమానాశ్రయంలో పట్టుకుంటారు అంటే నవ్వేశారు.

2023 డిసెంబరు నుంచి 2024 మే దాకా కాగితాలే. మొక్కల గురించి ఒక్క ప్రశ్న ఎవరూ అడగలేదు, అన్నీ గుంటల గురించే. హవాయిలో నేల తవ్వడమంటే చిన్న విషయం కాదు. ఎక్కడ తవ్వినా పూర్వీకుల ఎముకలు బయటపడవచ్చు, పడితే పని వెంటనే ఆపి అధికారులకు చెప్పాలి. మా స్థలం ఇంతకుముందే ఒకసారి తవ్వి పూడ్చినదని, పద్దెనిమిది అంగుళాలు దాటి తవ్వబోమని రాసిచ్చాక, పాత మ్యాపులు జతచేశాక, దాదాపు మూడు నెలలకు సరే అన్నారు. మొదట విసుగేసింది. తర్వాత ఆంటీ తన కుటుంబంవాళ్ల సమాధులు ఒక రోడ్డు పనిలో ఎలా కదిలిపోయాయో చెప్పింది. ఆ తర్వాత ఆ మూడు నెలల గురించి నేనెవరి దగ్గరా సణగలేదు.

తవ్వేముందు, భూమిలోని లైన్లు ఎక్కడున్నాయో గుర్తించే 811 నంబరుకు ఫోన్ చేయాలి, ఐదు పనిదినాల ముందు. వాళ్లు వచ్చి నేల మీద రంగులు కొడతారు, ఎరుపు కరెంటుకు, నీలం మంచినీళ్లకు, పసుపు గ్యాస్‌కి, నారింజ టెలిఫోన్ కేబుళ్లకు. ఇది ఉచితం. తెలియనిదేమిటంటే వాళ్లు గుర్తులు పెట్టేది ఆయా కంపెనీల లైన్లకే. క్యాంపస్ లోపల సొంతంగా వేసుకున్న పైపులు, తీగలు వాళ్ల లెక్కలోకి రావు. వాటికోసం వేరే మనిషిని పిలిచాం, తొమ్మిది వందల డాలర్లు. బడ్జెట్‌లో లేని మొదటి ఖర్చు ఇదే. అతను కూడా ఒక పాత ప్లాస్టిక్ పైపును కనిపెట్టలేకపోయాడు, మ్యాపులో లేనిదాన్ని ఎవరు మాత్రం కనిపెడతారు? తర్వాత గునపం తగిలి అది పగిలి, ఒక మధ్యాహ్నమంతా కోర్ట్‌యార్డ్ చెరువైంది.

మట్టి పరీక్ష మాత్రం చవకగా, త్వరగా అయిపోయింది. పైన ఆరేడు అంగుళాల ఎర్రమట్టి, కింద గట్టిగా దిమ్మిస చేసిన పగడపు రాళ్లు, మధ్యమధ్య సిమెంటు పెళ్లలు. క్షారం ఎక్కువ. మామూలు తోట మొక్కలకు ఇది శాపం. ఎవా మైదానపు మొక్కలకు ఇదే పుట్టిల్లు. మట్టి మార్పించాలని కాంట్రాక్టరు పెట్టిన ఎనిమిది వేల డాలర్ల కొటేషన్ పక్కన పెట్టడానికి ఆ ఒక్క రిపోర్టు చాలింది.

నర్సరీ కథ వేరు. పెద్ద దుకాణాల్లో స్థానిక మొక్కలు ఒకటో రెండో రకాలు దొరుకుతాయి, అవీ ఏ దీవి గింజలో చెప్పరు. మాకు కావలసినవి ముందుగా ఆర్డర్ ఇచ్చి పెంచించుకోవాలి. కొండ అవతల ఒక చిన్న నర్సరీ ఒప్పుకుంది. గింజ సేకరించడం, మొలిపించడం, కుండీ మార్చడం, అన్నీ కలిపి ఆరు నుంచి ఎనిమిది నెలలు అన్నారు. ఏప్రిల్‌లో మాట్లాడుకుంటే అక్టోబరు చివరికి వచ్చాయి. నాలుగంగుళాల కుండీ తొమ్మిది డాలర్లు, గ్యాలన్ కుండీ పద్దెనిమిది, ఓహై అయితే ఇరవై ఐదు. అసలు చిక్కు అడ్వాన్సు దగ్గర వచ్చింది. చిన్న నర్సరీ కాబట్టి సగం డబ్బు ముందే కావాలంటారు, సరుకు చేతికి రానిదే పైసా ఇవ్వకూడదని మా నిబంధన. మే నెలంతా ఈ రెంటి మధ్య నలిగాను. చివరికి ఆర్డర్‌ను మూడు ముక్కలు చేసి, గింజ మొలకెత్తినప్పుడు ఒకటి, కుండీ మార్చినప్పుడు ఒకటి, డెలివరీకి ఒకటి, ఇలా బిల్లులు వేయించాం. మీరూ ప్రభుత్వ సంస్థలో ఇలాంటి పని చేస్తుంటే ఈ ఏర్పాటు మొదటి మీటింగులోనే అడగండి.

ఓహై, ఎవా హినహినా అంతరించిపోయే జాబితాలో ఉన్నవి కాబట్టి లైసెన్సున్న నర్సరీ నుంచే కొనాలి. ఒక్కో మొక్కకు ట్యాగు కట్టి ఇస్తారు, ఆ ట్యాగు పారేయకూడదు. మా ఆఫీసులో ఆ ట్యాగుల కోసం ఒక ఫైలే తెరిచాం. మొక్కలకు ఆధార్ కార్డులు అని నేను నవ్వుకునేదాన్ని, ఇక్కడ ఎవరికీ ఆ జోకు అర్థం కాదు.

మొక్కలు నర్సరీలో పెరుగుతున్నంతకాలం ఇక్కడ గరికను చంపే పని. కలుపు మందు కొట్టేస్తే నెలలో అయిపోయేది, విద్యార్థులు వద్దన్నారు. స్ప్రింక్లర్లు ఆపి, గరికను నేలమట్టంగా కోసి, అట్టపెట్టెలు విప్పి రెండు పొరలుగా పరిచి, పైన చెక్కపొట్టు వేశాం. జూన్ నుంచి అక్టోబరు దాకా అలా వదిలేశాం. అట్టలు ఉచితం, ఫర్నిచర్ షాపుల వెనక కావలసినన్ని. టేపులు, పిన్నులు పీకే ఓపికే ఉండాలి. గరిక చచ్చింది. తుంగ చావలేదు. అట్టను సూదిలా పొడుచుకుని పైకొచ్చింది. ఆగస్టులో ఒక రోజు ఆ మొలకలు చూసి నాకు నిజంగా ఏడుపొచ్చింది. నాన్నకు ఫొటో పంపితే, "అది లాగితే తెగుతుంది, గడ్డ లోపలే ఉంటుంది. తడి ఆరకముందే కింద నుంచి గడ్డతో సహా లేపాలి. మనూళ్లో కూడా అంతే, దానికి వేరే మందు లేదు తల్లీ" అన్నారు. దాదాపు ఎనిమిదివేల మైళ్లు దాటి వచ్చినా తుంగ తుంగే.

అసలు ఇక్కడ తరిమికొట్టాలనుకునేవాటిలో సగం మనవే. పొద్దున్నే కిటికీలో అరిచే గోరింకలను 1865లో మనదేశం నుంచి తెచ్చారు. చెరకు తోటల్లో ఎలుకలు పట్టడానికి తెచ్చిన ముంగిసలు నేల మీద గూళ్లు పెట్టే పక్షుల గుడ్లు తినేస్తాయి. పిగిలిపిట్టలు కలుపు గింజలను దీవి అంతా చల్లుతాయి. కొండవాలు మీద దట్టంగా పెరిగిన సుబాబుల్‌ను చూపిస్తే నాన్న నమ్మలేదు. మనకు ఎకరాలకు ఎకరాలు వేయించిన కె8 రకాన్ని హవాయియన్ జెయింట్ అనే పిలిచేవాళ్లు, ఇక్కడేమో సుబాబుల్‌ను పీకలేక చస్తున్నారు. వాలంటీర్లు "ఇన్వేసివ్" అని ఆ పేర్లన్నీ వరసగా చదువుతుంటే నా చుట్టాల మీద ఎవరో కంప్లయింట్ రాస్తున్నట్టు ఉండేది.

సెప్టెంబరులో కంపోస్టు ఆర్డర్ పెట్టబోతే గ్రౌండ్స్ సూపర్‌వైజర్ అంకుల్ ఆపేశారు. ఓహూలో 2013 నుంచి కొమ్ము పురుగు ఉంది. అవును, మన కోనసీమ కొబ్బరి రైతులు తిట్టుకునే అదే కొమ్ము పురుగు. దాని పిల్లపురుగులు కంపోస్టులో, కుళ్లిన చెక్కపొట్టులో పెరుగుతాయి. ఎక్కడినుంచి వచ్చిందో తెలియని కంపోస్టు తెస్తే పురుగును ఇంటికి పిలిచినట్టే. ఈ దీవి సొంత తాటిజాతి అయిన లౌలు చెట్లను కూడా అది తొలిచేస్తోంది. అందుకని కంపోస్టు మానేశాం, అట్టల మీది చెక్కపొట్టును జల్లెడ పట్టి చూశాం, మొక్కల చుట్టూ పగడపు చిప్స్, నల్లటి అగ్నిపర్వతపు సిండర్ రాళ్లు పరిచాం. ఈ రాళ్లకే పద్దెనిమిది వందల డాలర్లు అయ్యాయి. చెక్కపొట్టయితే క్యాంపస్‌లోనే ఉచితంగా దొరికేది.

ఈ అంకుల్ గురించి ఒక మాట. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి ముప్ఫై ఏళ్లుగా ఇక్కడే పని చేస్తున్నారు. మొదట్లో ఈ తోటకు పూర్తిగా వ్యతిరేకం. "మీరంతా ఫొటోలు దిగి వెళ్లిపోతారు, తర్వాత చూసేది నేను" అన్నారు మొహం మీదే. ఆయన మాటలో నిజం ఉంది కాబట్టి డ్రిప్పు ఎక్కడ వేయాలి, బాట ఎంత వెడల్పు ఉండాలి, ట్రాలీ ఎటు తిరగాలి అన్నీ ఆయన్నే అడిగాం. బాట నాలుగడుగులు చేయించింది ఆయనే, లేకపోతే చెత్తబండి ఓహై మీదుగా వెళ్లేది. ఒకరోజు వాళ్ల పెరటి మునగాకు కట్ట తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు. ఆ వారం మా ఇంట్లో మునగాకు పప్పు.

అక్టోబరు చివర మొక్కలు దిగాయి. వెంటనే నాటడానికి లేదు. చిన్న అగ్గిచీమలు కుండీల్లో వస్తాయి, వాటి కాటు మామూలుది కాదు, పైగా ఓహై పూలకు పనికొచ్చే స్థానిక తేనెటీగలకు చీమలు పెద్ద బెడద. పరీక్ష మాత్రం వంటింటిదే. చాప్‌స్టిక్‌కి పీనట్ బటర్ పల్చగా రాసి కుండీల మధ్య ఒక గంట ఉంచి, చీమలు ఎక్కితే కవర్లో వేసి ఫ్రీజర్‌లో పెట్టి పరీక్షకు పంపాలి. మొక్కలను రెండు వారాలు విడిగా ఉంచి రెండోసారీ చూశాం. మామూలు చీమలే వచ్చాయి. ల్యాబ్ ఫ్రీజర్‌లో నా పీనట్ బటర్ పుల్లలు చూసి ఒక ప్రొఫెసర్ ఎవరి టిఫిన్ అని ఈమెయిల్ పెట్టారు.

నాటే తేదీ ఆంటీ నిర్ణయించింది, 2024 నవంబరు 16, శనివారం. ఇక్కడ నవంబరు నుంచే వానకాలం. చంద్రుణ్ని చూసి నాటడం వీళ్ల పాత పద్ధతి, ఓలే అనే రాత్రుల దరిదాపుల్లో నాటరు, నిండు చంద్రుడి రోజులు మంచివి. ముందురోజు మనకు కార్తీక పౌర్ణమి. పొద్దున ఏడుకే ఆంటీ, ఆమె శిష్యులు ఒలి అనే మంత్రంలాంటి పాట పాడి నేలను అనుమతి అడిగారు. డెబ్భై మంది వస్తామని పేర్లిస్తే నలభై మంది వచ్చారు, అది నిజానికి మంచిదైంది, అంతమందికి పనిముట్లు లేవు. పగడపు నేలలో పార దిగదు. ఇక్కడ ఓఓ బార్ అంటారు, మన గునపమే, అది లేకపోతే ఆ రోజు పని అయ్యేది కాదు. గుంట తవ్వి, నీళ్లు పోసి, అవి ఇంకిపోవడం చూశాకే మొక్క పెట్టాలి. ఇంకకపోతే చోటు మార్చాలి. దిమ్మిస చేసిన నేలలో నీళ్లు నిలిచిన గుంటలు చాలానే తేలాయి. చిన్నవీ పెద్దవీ కలిపి రెండొందల అరవై దాకా మొక్కలు మధ్యాహ్నం రెండింటికి పూర్తయ్యాయి. అందరికీ స్పామ్ ముసుబీలు, అంటే అన్నం ముద్ద మీద డబ్బా మాంసం ముక్క పెట్టి చుట్టినవి, తెప్పించారు. నేను తినను కాబట్టి పెద్ద గిన్నె నిండా పులిహోర కలిపి తెచ్చుకున్నాను. కార్తీక వనభోజనం అని నాకు నేను చెప్పుకున్నాను గానీ ఆ గిన్నె నాకు మిగల్లేదు.

సోమవారం పొద్దున వచ్చేసరికి పోహినహినా మొక్కలు వరసగా వేళ్లు పైకి తేలి పడున్నాయి. కోళ్లు. ఓహూ అంతటా ఊరకోళ్లు తిరుగుతాయి, కొత్తగా తవ్విన నేల కనిపిస్తే వాటికి పండగ. అంకుల్ చెప్పిన ఉపాయం పనిచేసింది, ప్రతి మొక్క మొదట్లో మూడు అరచేతి సైజు రాళ్లు. వలలు కొనే డబ్బు ఆదా అయింది.

ఆపైన ఫిర్యాదులు. చిన్న మొక్కలు, మధ్యలో బోలెడు ఖాళీ నేల. "ఇది పూర్తయిందా, ఇంకా పని ఉందా" అని కనిపించిన ప్రతివాళ్లూ అడిగేవాళ్లు. ఒక డీన్ అయితే పచ్చిక ఎప్పుడు వేస్తారని అడిగారు. పెరిగితే ఆరడుగులు పాకే మొక్కను దగ్గరదగ్గరగా నాటలేం. పాత పచ్చదనానికి అలవాటుపడిన కంటికి ఈ వెండి రంగు పొదలు ఎండిపోయిన పిచ్చిమొక్కల్లా కనిపిస్తాయి. ఈ పని మొత్తంలో అన్నింటికంటే కష్టమైనది ఇదే. గునపం, కాగితాలు, తుంగ అన్నీ దీని తర్వాతే.

2025 జనవరి చివర్లో కోనా తుఫాను వచ్చి ఒకే రాత్రి కోర్ట్‌యార్డ్ మోకాలి లోతు నీళ్లతో నిండింది. మూడు రోజులు కాలువ దగ్గర నీళ్లు నిలిచి, అక్కడి ఇలిమా అనే పూల పొదలు, అఆలిఇ కుళ్లిపోయాయి. ఎండకు తట్టుకునే మొక్క తడికి తట్టుకోదు. ఆ మూలలో ఇప్పుడు కుపుకుపు ఫెర్న్, పసుపు ఉన్నాయి. పసుపు పాలినీషియన్లు తెచ్చిన మొక్కే, చట్టం లెక్కలో చెల్లుతుంది, నాకు మాత్రం అది వేరే లెక్క.

మార్చిలో వచ్చింది అసలు దెబ్బ. పక్క పార్కింగు గడ్డి కోసే కాంట్రాక్టు మనుషులు కొత్తవాళ్లు, మోటారు కత్తితో లోపలికి వచ్చి ఎవా హినహినా వరస మొత్తం నేలమట్టం చేసేశారు. వాళ్లకు అది కలుపే. మరి మొక్కల పేర్లు రాసే బోర్డులు అప్పటికి ఇంకా రాలేదు, ఆర్డర్ ఇచ్చి నాలుగు నెలలైనా ప్రింటుకే వెళ్లలేదు. ఆ రోజు ట్యాగుల ఫైలు పట్టుకుని కూర్చుని ఎవరి మీద అరవాలో తెలియలేదు. విద్యార్థి ఒకమ్మాయి మొదళ్లు లెక్కపెట్టి, సగానికి పైగా పచ్చగానే ఉన్నాయని చెప్పింది. ఏప్రిల్ చివరికి చాలావరకు మళ్లీ చిగురించాయి. అప్పటినుంచి తోట అంచుకు నల్లరాయి వరస, మొక్కల పక్కన ఎర్ర జెండాలు. జెండాల ఖర్చు పన్నెండు డాలర్లు. నాటిన రోజే పెట్టండి.

మే నుంచి ఆగస్టు దాకా విద్యార్థులు ఉండరు. తుంగకు సెలవులు లేవు. వాలంటీర్లనే నమ్ముకుని ప్లాన్ వేసేవాళ్లు ఈ నాలుగు నెలల సంగతి ముందే చూసుకోవాలి. మా దగ్గర అంకుల్, నేను, ఒక రిటైర్డు లైబ్రేరియన్ ఆంటీ పొద్దున్నే ఎండ ముదరకముందు కూర్చుని గడ్డలు లేపేవాళ్లం. నడుములు పడిపోయేవి. డ్రిప్పు నీళ్లు వారానికి రెండుసార్ల నుంచి పదిహేను రోజులకు ఒకసారికి తగ్గించాం. జూలైలో విలివిలి ఆకులన్నీ రాల్చేసింది. చెట్టు చచ్చింది, కొట్టించండి అని ఫెసిలిటీస్‌కి మూడు ఈమెయిళ్లు వెళ్లాయట. వేసవిలో ఆకు రాల్చడం దాని అలవాటు. ఒకప్పుడు ఈ జాతిని బుడిపెలు పుట్టించే కందిరీగ దాదాపు తుడిచిపెట్టబోయింది, 2008లో దాని శత్రు కీటకాన్ని తెచ్చి వదిలాక కోలుకుంటోంది. అదంతా గండం గడిచి వచ్చిన చెట్టు మా ఈమెయిళ్లకు బలైపోతుందేమోనని టెన్షన్ పడి, దాని బోర్డు మీద పెద్ద అక్షరాలతో "నిద్రపోతోంది, చావలేదు" అని అదనంగా రాయించాం.

డబ్బు సంగతి అందరూ అడుగుతారు. మొక్కలు, డెలివరీ కలిపి నాలుగు వేల రెండు వందల డాలర్లు. డ్రిప్పు రెండు వేల నాలుగు వందలు. రాళ్లు పద్దెనిమిది వందలు, బోర్డులు పదకొండు వందలు, పైపులు వెతికిన మనిషికి తొమ్మిది వందలు, అంచు రాళ్లకు ఆరు వందలు. మొత్తం పదకొండు వేల చిల్లర. గ్రాంటులో నిర్వహణకు ఒక్క డాలరు కూడా లేదు, గ్రాంటులిచ్చేవాళ్లకు నాటడం మీదే ప్రేమ. ఇప్పుడు రెండో దరఖాస్తు రాస్తే సగం డబ్బు మొదటి రెండేళ్ల కలుపుతీతకు, అంకుల్ మనుషుల ఓవర్‌టైముకు రాస్తాను.

ఇప్పుడు 2025 అక్టోబరు. నాటినవాటిలో మూడోవంతు పోయాయి, నర్సరీవాళ్లు మొదట్లోనే ఇంత పోతాయని చెప్పారు, నేనే నమ్మలేదు. పోహినహినా గోడ పక్కంతా ఆక్రమించేసింది, కత్తిరించాలి. ఇలిమా పూలు రోజూ పొద్దున విచ్చుకుని సాయంత్రానికి వాడిపోతున్నాయి. ఆంటీ విద్యార్థులు లేయి కట్టాలని కోస్తున్నారు గానీ ఒక్క దండకే ఐదు వందలకు పైగా పూలు కావాలి, ఇంకో రెండేళ్లయినా పడుతుంది. మఓ కాయలు పగిలాయి. గోధుమరంగు పింజ ఫొటో నాన్నకు పంపాను, "క్వింటాల్ ఎంత పలుకుతుంది" అని జవాబు.

ఓహై కూడా కాయలు కాసింది. విద్యార్థులు తలా నాలుగు గింజలు ఇంటికి తీసుకెళ్తామన్నారు. అంతరించిపోయే జాబితాలోని మొక్క గింజను పర్మిట్ లేకుండా దగ్గర పెట్టుకోవడానికి గానీ, ఎవరికైనా ఇవ్వడానికి గానీ వీల్లేదు. అందుకని కాయలను చెట్టు మీదే వదిలేసి, గింజలు సేకరించి నర్సరీకి ఇచ్చేందుకు అనుమతి కోరుతూ గత నెల దరఖాస్తు పెట్టాను. ఫారంలో ట్యాగు నంబర్లు అడిగారు. ఫైలు పనికొచ్చింది.